ఆన్‌లైన్ మాధ్యమాల నియంత్రణ: సంస్కృతి కోసం ఏ మార్గాన్ని కోరాలి?

విజయవాడలో మేము పదిహేను మందిమి నెలకొకసారి ఒక గ్రంథాలయం గదిలో కలిసి, చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాము. మొన్నటి సమావేశానికి ఒక మిత్రుడు అరపేజీ వినతిపత్రం తెచ్చి అందరినీ సంతకం చేయమన్నారు. ఆన్‌లైన్ మాధ్యమాలు మన జాతీయ సంస్కృతిని, మన పిల్లల భాషను చెరిపివేస్తున్నాయి కాబట్టి ప్రభుత్వం వాటిని కఠినంగా నియంత్రించాలని దాని సారాంశం. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన నాకు ఆ ఆందోళన కొత్త కాదు. అయినా ఆ రోజు సంతకం చేయలేకపోయాను. నియంత్రణ అన్న ఒక్క మాట కింద, వెబ్‌సైటును మూసివేయడం మొదలుకొని ఓటీటీ సంస్థ నుంచి సొమ్ము వసూలు చేసి తెలుగు కార్యక్రమాలు తీయించడం వరకు ఒకదానితో ఒకటి పొంతన లేని పనులెన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని సంస్కృతికి మేలు చేస్తాయి, కొన్ని ఏమీ చేయవు, కొన్ని మనం కాపాడాలనుకున్నదాన్నే దెబ్బతీస్తాయి. ఏది కావాలో చెప్పకుండా నియంత్రణ కావాలని అడిగితే, ఇచ్చేవారు తమకు సులువైనది ఇస్తారు. ప్రభుత్వాలకు ఎప్పుడూ సులువైనది మూసివేతే.

తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా, సాహితీ సంస్థల సభ్యులుగా ఈ విషయంలో ఒక వైపు నిలబడవలసిన వారి కోసం ఆ మార్గాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ముసాయిదా నిబంధనల మీద అభిప్రాయాలు పంపమని ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఏమి రాయాలో తేల్చుకోవడానికి కూడా ఇది పనికి వస్తుంది.

పోల్చడానికి ముందు మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. పటమటలో ఉండే మా చెల్లెలి మనవరాలికి ఆరేళ్లు. అన్నం తినేటప్పుడు ట్యాబ్‌లో తెలుగు నీతికథలు చూస్తుంది. ఒకరోజు నేను పక్కనే కూర్చుని విన్నాను. కథ మనదే, బొమ్మలూ ముచ్చటగానే ఉన్నాయి. చదువుతున్న గొంతు మాత్రం మనిషిది కాదు, యంత్రం తయారు చేసింది. ‘రాజుగారి కల్లు ఎర్రబడ్డాయి’ అంది ఆ గొంతు. కళ్ళు కల్లయ్యాయి, సాయంత్రం వేళ ‘వేల’ అయింది, బాణం ‘బానం’ అయింది. మా చెల్లెలు సరిదిద్దబోతే ఆ పిల్ల, ‘అమ్మమ్మా, వీడియోలో అలా అనలేదు’ అని ఏడుపు మొహం పెట్టింది. ఆ వీడియోలో అశ్లీలం లేదు, విదేశీ వేషం లేదు, దేశాన్ని గాని దేవుణ్ణి గాని కించపరిచే మాట ఒక్కటీ లేదు. అయినా ఆ పిల్ల నాలుక మీది ‘ళ’ ఒక వీడియో తరువాత ఒక వీడియోగా జారిపోతోంది. అందుకే ప్రతి మార్గాన్నీ నేను ఒకే ప్రశ్నతో పరీక్షిస్తున్నాను: ఆ ట్యాబ్ ముందు కూర్చున్న పిల్లకు దీనివల్ల ఏమి మారుతుంది? దానికి తోడు మరో రెండు సంగతులు చూడాలి. నిర్ణయించేది ఎవరు? వారు పొరబడితే దిద్దుకునే దారి ఉందా?

మూసివేత

మన దేశంలో ఆన్‌లైన్ సమాచారాన్ని ప్రజలకు అందకుండా ఆపే అధికారం కేంద్రానికి ప్రధానంగా 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 69ఎ సెక్షను ద్వారా వస్తుంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, ఇతర దేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, వీటికి సంబంధించిన నేరాలకు పురికొల్పడం అన్నవే అందులోని కారణాలు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో పాటు మొత్తం 59 యాప్‌లను ఆపినప్పుడు చెప్పిన కారణం కూడా సార్వభౌమత్వమూ భద్రతే గాని సంస్కృతి కాదు. 2024 మార్చిలో 18 ఓటీటీ వేదికలను ఆపినప్పుడు అశ్లీల ప్రదర్శనను నేరంగా చూసే చట్టాలను ఆధారం చేసుకున్నారు. ఇది ఏమరుపాటున వదిలేసిన ఖాళీ కాదు. భావప్రకటన స్వేచ్ఛకు ఏ కారణాల మీద పరిమితులు పెట్టవచ్చో రాజ్యాంగం 19(2) అధికరణంలో లెక్కపెట్టి చెప్పింది. సభ్యత, నైతికత అందులో ఉన్నాయి, సంస్కృతి లేదు. అదే రాజ్యాంగం 29వ అధికరణంలో మాత్రం ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులందరికీ వాటిని నిలుపుకునే హక్కు ఇచ్చింది. అంటే సంస్కృతి మన రాజ్యాంగంలో ఒకరి నోరు మూయించడానికి కారణంగా రాలేదు, ఒకరు నిలుపుకోవలసిన హక్కుగా వచ్చింది. వినతిపత్రం రాసేవారు ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలని నా మనవి.

మాటల అస్పష్టత మరో చిక్కు. ఇబ్బంది కలిగించే, తీవ్రంగా నొప్పించే సందేశాలను నేరంగా చేసిన 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. ఏది ఇబ్బందో, ఏది నొప్పించడమో ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చునన్నది అందుకు ఒక ముఖ్య కారణం. ‘సంస్కృతికి విరుద్ధం’ అన్న మాటకు అంతకన్నా స్పష్టత ఎక్కడ నుంచి వస్తుంది? పైగా 2009 నాటి నిబంధనల ప్రకారం 69ఎ కింద వచ్చే ఫిర్యాదులు, తీసుకునే చర్యలు గోప్యంగా ఉంచాలి. కాబట్టి ఒక కళాకారుడి వీడియో ఎందుకు ఆగిందో అతడికే తెలియకపోయే అవకాశం ఉంది.

ఇది ఊహాగానం కాదని మన ప్రాంత చరిత్రే చెబుతుంది. గుంటూరులో శారదా నికేతనం స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన ‘మాలపల్లి’ని నాటి మద్రాసు ప్రభుత్వం 1920లలో నిషేధించింది, కొన్నేళ్లకు నిషేధం తొలగించి, 1936లో మళ్లీ విధించింది, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని ఆ పుస్తకానికి పూర్తి విడుదల దొరకలేదు. ఈ రోజు ఆ నవల లేకుండా తెలుగు సాహిత్య చరిత్ర చెప్పే పంతులు ఉండడు. తంజావూరు ఆస్థానంలో కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సరైన పాఠంతో అచ్చు వేయించారు. దాన్ని అసభ్యమని నిషేధించిన ప్రభుత్వం పరాయిదే, కాని అసభ్యమని వేలెత్తి చూపినవారిలో మన పెద్దలూ ఉన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో ఆ నిషేధం తొలగింది. ఈ రెంటిలో ఒకటి అణగారిన వారి బతుకు, మరొకటి స్త్రీ గొంతు. సంస్కృతి పేరిట తాళం వేసే అధికారం ఎవరి చేతికి ఇచ్చినా మొదట మూతపడేవి ఇలాంటి గొంతులే.

ఇప్పుడు ఆ తాళం యంత్రం చేతికి కూడా వచ్చింది. తెనాలి దగ్గరి పల్లెలో తిరునాళ్లకు చెప్పిన పల్నాటి యుద్ధం బుర్రకథను మా మిత్రుడి కొడుకు ఫోనులో తీసి, నలభై నిమిషాల వీడియోగా పెట్టాడు. కథకుడు కత్తి దూసినట్టు తంబురాను ఎత్తి, నెత్తురు ఏరులై పారిన సంగతి చెబుతున్న ఘట్టాన్ని ఆ వేదిక యంత్రం హింసగా లెక్కగట్టి మొత్తం వీడియోను తీసివేసింది. మూడుసార్లు విన్నవించుకున్నాక, పందొమ్మిదో రోజున తిరిగి పెట్టారు. అప్పటికి చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్ల రోజులు అయిపోయాయి, ఆ దళానికి రావలసిన పిలుపులు రాలేదు. చట్టం కఠినమైన కొద్దీ, జరిమానాకు భయపడి వేదికలు ముందుజాగ్రత్తగా తీసివేసేవి పెరుగుతాయి. బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు గుంటూరు జిల్లాలోనే ఉంది. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చిన దేశంలో బుర్రకథ యంత్రానికి నేరంగా కనబడడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పిల్లలపై లైంగిక హింస చూపే దృశ్యాలు, ఒకరి అనుమతి లేకుండా పెట్టిన నగ్న చిత్రాలు, ఒక కులాన్ని లేదా మతాన్ని చంపమని ఉసిగొల్పే మాటలు వంటివి ఆపి తీరవలసినవే. వాటికి ఇప్పటికే నేర చట్టాలు ఉన్నాయి, ఆ మేరకు మూసివేతను సమర్థించాలి. సంస్కృతి కోసం మాత్రం మూసివేతను అడగవద్దని నా సలహా. కళ్ళను కల్లు అనే యంత్రపు గొంతుకు ఈ మార్గంలో మందు లేదు. పుండొకచోట, మందొకచోట.

వయసు గుర్తు, ఫిర్యాదు

రెండో మార్గం 2021 ఫిబ్రవరి 25న వచ్చిన డిజిటల్ మీడియా నిబంధనలది. ఓటీటీలో వచ్చే ప్రతి కార్యక్రమానికి యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అన్న ఐదు గుర్తులలో ఒకటి వేయాలి. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. అభ్యంతరం ఉన్నవారు ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి, ఆయన 15 రోజుల్లో తేల్చాలి. అక్కడ తృప్తి లేకపోతే ఆ సంస్థలన్నీ కలిసి ఏర్పరచుకున్న స్వీయ నియంత్రణ సంఘానికి, ఆ పైన కేంద్ర మంత్రిత్వ శాఖల సంఘానికి వెళ్లవచ్చు. ఇందులో నైతిక నియమావళిని తప్పక పాటించాలన్న భాగంలోని కొన్ని ఉపనిబంధనల అమలును 2021 ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిలిపివేసింది. ప్రభుత్వం నేరుగా కోత వేయకుండా, చూసేవారికి ముందే తెలియజేయడం ఈ పద్ధతిలోని మంచి. సినిమాలకు కూడా 2023 సవరణతో ఇదే వయసు విభజన వచ్చింది.

తల్లిదండ్రులకు ఇది నిజంగా పనికి వచ్చే మార్గం, కాని వాడుకుంటేనే. మా చెల్లెలి ఇంట్లో ట్యాబ్ తీసుకుని చూశాను. పాప చూస్తున్నది వాళ్ల నాన్న ఖాతా. పిల్లల ప్రొఫైల్ తయారు చేయలేదు, తాళానికి పిన్ పెట్టలేదు, ఒకటి అయిపోగానే తనంతట తాను మరొకటి మొదలయ్యే ఏర్పాటు ఆపలేదు. ముగ్గురం కూర్చుని అన్నీ సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. చట్టం ఇచ్చిన తాళం ఇంట్లో ఎవరో ఒకరు వేయాలి కదా! బడుల్లో తల్లిదండ్రుల సమావేశం రోజున ఒక గంట దీనికే కేటాయించి, ఫోనులు తెరిపించి చేయిస్తే ఎంతో మేలు.

ఫిర్యాదుల భాగం విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. ఒక వ్యక్తి తన బాధ చెప్పుకోవడం వేరు, వేలమందిని కూడగట్టి ఒకే రోజున ఒకే ఫిర్యాదు పంపించడం వేరు. రెండో పద్ధతి అలవాటైతే దర్శకులు, రచయితలు కథ రాసేటప్పుడే కులం, మతం, రాజకీయం లేని చప్పటి కథలు ఎంచుకుంటారు. ఏది మిగిలినా అది సంస్కృతి కాదు. కాబట్టి ఫిర్యాదు హక్కును కోరండి, దానితో పాటు ప్రతి నిర్ణయానికీ కారణాలు రాతలో ప్రకటించాలనీ, తీసివేత ఎదుర్కొన్నవారి మాట వినాలనీ కోరండి. మా మిత్రుడి కొడుకుకు ఆ పందొమ్మిది రోజుల్లో ఒక మనిషి రాసిన జవాబు ఒక్కటి కూడా రాలేదు.

ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకు వేసి, 16 ఏళ్ల లోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలు ఉండకూడదని 2024లో చట్టం చేసి 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది. పిల్లల మానసిక ఆరోగ్యం కోసం దాన్ని చర్చించవలసిందే. సంస్కృతి దృష్టితో చూస్తే అది వాయిదా మాత్రమే. పదహారేళ్లు నిండిన పిల్ల తలుపు తెరిచినప్పుడు లోపల ఏముందన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

వాటా, సెస్సు

పరాయిదాన్ని ఆపకుండా, మనదానికి చోటూ సొమ్మూ కేటాయించే మార్గం మూడోది. నా మొగ్గు ఇటువైపే. అయితే ఇందులోనూ మంచి రూపం, పనికిరాని రూపం రెండూ ఉన్నాయి.

ఫ్రాన్సులో 1994 చట్టం ప్రకారం 1996 నుంచి రేడియోలు వేసే జనాదరణ గీతాలలో కనీసం 40 శాతం ఫ్రెంచి పాటలు ఉండాలి. లెక్క పూర్తి చేయడానికి చాలా స్టేషన్లు నాలుగు ప్రసిద్ధమైన పాటలనే తిప్పి తిప్పి వేశాయి. చివరకు 2016లో కొత్త నిబంధన తెచ్చి, పది పాటలే మొత్తం ఫ్రెంచి పాటల ప్రసారంలో సగాన్ని మించితే ఆ మించినదాన్ని లెక్కలోకి తీసుకోబోమన్నారు. దక్షిణ కొరియాలో థియేటర్లు ఏడాదికి 146 రోజులు కొరియా సినిమాలు ఆడించాలన్న నియమం ఉండేది. 2006లో దాన్ని 73 రోజులకు తగ్గించారు. ఆ తరువాత కూడా కొరియా సినిమా కుంగిపోలేదు. రోజుల లెక్కతో పాటు సినిమా మండలి ద్వారా నిర్మాణానికి, శిక్షణకు ప్రభుత్వం పెట్టిన డబ్బు కూడా ఆ దేశంలో పనిచేసింది. ఐరోపా యూనియన్ 2018లో సవరించిన ఆదేశం ప్రకారం ఓటీటీల జాబితాలో కనీసం 30 శాతం ఐరోపా కృతులు ఉండాలి, అవి కంటికి కనబడే చోట కూడా ఉండాలి.

కెనడా అనుభవం మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ కూడా పొరుగున ఉన్న పెద్ద మార్కెట్టు భాషే ఇంట్లోకి వస్తుంది, ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ వంటి చోట వేరే భాష నిలబడాలి. 2023 ఏప్రిల్ 27న అక్కడ ఆన్‌లైన్ స్ట్రీమింగ్ చట్టం వచ్చింది. 2024 జూన్‌లో ప్రసార నియంత్రణ సంస్థ, పెద్ద విదేశీ స్ట్రీమింగ్ సంస్థలు కెనడా ఆదాయంలో 5 శాతం స్థానిక వార్తలకు, ఫ్రెంచి కార్యక్రమాలకు, ఆదివాసుల కార్యక్రమాలకు ఉన్న నిధులలో జమ చేయాలని ఆదేశించింది. సంస్థలు కోర్టుకు వెళ్లాయి. అంతకుముందు 2023లోనే, వార్తలకు వేదికలు సొమ్ము చెల్లించాలన్న వేరే చట్టం వచ్చినప్పుడు, ఫేస్‌బుక్ యజమాని మెటా ఆ ఆగస్టు నుంచి తన వేదికల మీద కెనడా ప్రజలకు వార్తలే చూపడం మానేసింది. సొమ్ము అడిగితే బరువైన వేదిక తలుపు మూసుకుంటుందన్న భయం నిజమైనదే. కెనడా కార్యక్రమం అంటే ఏమిటని తేల్చే పద్ధతిలోనూ ఒక చిక్కు ఉంది. చాలాకాలం పాటు దర్శకుడికి 2, రచయితకు 2, ప్రధాన నటులు, కూర్పరి, సంగీత దర్శకుడు వంటి వారికి ఒక్కొక్కటి చొప్పున మార్కులు వేసి, పదికి ఆరు వస్తే కెనడా కార్యక్రమమని లెక్కించారు. ఎవరు చేశారన్నది దీనిలో తెలుస్తుంది, కథ ఎక్కడిదో తెలియదు.

ఇది మన దేశానికి వచ్చేసరికి మొదటి ప్రశ్న, జాతీయ సంస్కృతి అంటే ఏ భాష సంస్కృతి అన్నది. ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలు ఉన్నాయి. ‘భారతీయ కార్యక్రమాలు ఇంత శాతం’ అని చట్టం చేస్తే, పెద్ద భాషల సినిమాలతోనే ఆ శాతం నిండిపోతుంది. నిజం చెప్పాలంటే తెలుగు సినిమాకు ఈ వాటా అవసరం లేదు. అది దేశమంతా సొంత కాళ్ల మీద తిరుగుతోంది. వాటా కావలసినవి వేరే ఉన్నాయి: పిల్లల కోసం మనుషులు చెప్పే తెలుగు కథలు, బుర్రకథ, తోలుబొమ్మలాట, హరికథ, పల్లె చరిత్రలు, మన రాష్ట్రంలోనే బతుకుతున్నా షెడ్యూలులో చోటు దొరకని సవర, కోయ భాషలు. కాబట్టి అడిగితే భాషల వారీగా, ప్రక్రియల వారీగా అడగాలి. అదీ పెద్ద ఆదాయం గల సంస్థల నుంచే. ఫోనులో పాట పాడుకుని పెట్టే పల్లె పిల్లవాడి మీద ఈ భారం పడకూడదు.

సెస్సు, అంటే ఒక పని కోసమే వసూలు చేసే అదనపు పన్ను, అన్న ఆలోచన మనకు విదేశాల నుంచి రానక్కరలేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. ఊరివారి పుస్తకాల గది ఊరివారి పన్నుతో నడవాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన, అది పుట్టింది కూడా ఈ నేల మీదే: 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది, 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ ఇక్కడే జరిగింది, అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా ఆ పనికే పెట్టారు. ఆ సెస్సు నేర్పిన చేదు పాఠం కూడా మరచిపోకూడదు. వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ కాక, కొత్త పుస్తకాలు రాక, దినపత్రికల బల్ల ఒక్కటే మిగిలిన శాఖలు నేను చాలా చూశాను. స్ట్రీమింగ్ సంస్థల నుంచి సెస్సు అడిగేటప్పుడు, అది ఖజానాలో కలిసిపోకుండా నేరుగా ప్రత్యేక నిధికి వెళ్లాలనీ, ఏ భాషకు ఎంత, ఏ కార్యక్రమానికి ఎంత అన్న లెక్క ఏటా తెలుగులో ప్రకటించాలనీ, ఎంపిక సంఘంలో ప్రభుత్వ ప్రతినిధులు మైనారిటీగా ఉండాలనీ మొదటి రోజే రాయించుకోవాలి. లేకపోతే తాళం బదులు చెక్కుతో నోరు మూయించే పద్ధతి అవుతుంది.

యునెస్కో 2005లో ఆమోదించి, 2006లో భారతదేశం కూడా చేరిన సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్య ఒప్పందం ఇటువంటి చర్యలకు అండగా నిలుస్తుంది.

కనబడే చోటు

తీసిన కార్యక్రమం కనబడకపోతే తీసినా తీయనట్టే. ఈ మార్గానికి చట్టంలో పాత పూర్వరంగం ఉంది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం ప్రకారం ప్రతి కేబుల్ ఆపరేటరు నిర్దేశించిన దూరదర్శన్ ఛానళ్లను తప్పక అందించాలి. దానికి ఎవరి నోరూ మూయనక్కరలేదు, ఒక్క కార్యక్రమాన్నీ కోయనక్కరలేదు. ఓటీటీలలో, వీడియో వేదికలలో దీనికి సరిపోలే నియమం ఏమిటో ఆలోచించాలి. భాష తెలుగుగా ఎంచుకున్నవారికి మొదటి తెరలో తెలుగు వరుస ఉండాలి. పిల్లల ప్రొఫైల్‌లో మనుషుల గొంతుతో తీసినవి ముందు రావాలి. యంత్రపు గొంతు అయితే ఆ సంగతి తెర మీద రాయాలి. తెలుగు లిపిలో వెతికితే ఫలితాలు రావాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నేను ఒక పెద్ద యాప్‌లో ‘తోలుబొమ్మలాట’ అని తెలుగులో కొట్టి చూస్తే ఒక్కటీ రాలేదు. అదే మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడితే ఏడు వచ్చాయి. మన లిపిలో మన కళ దొరకదని పిల్లలకు నేర్పుతున్నది ఆ తెరే. ఖర్చు తక్కువ, స్వేచ్ఛకు నష్టం లేదు, పొరబాటు జరిగితే ఒక మీటతో మార్చవచ్చు.

మనమే నింపడం

చివరి మార్గం నియంత్రణ కాదు, కాని ఇది లేకపోతే పైవన్నీ ఖాళీ గదికి కాపలా. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకాలతో, భక్తి గీతాలతో, రైతుల కార్యక్రమాలతో మూడు తరాల చెవులకు తెలుగు ఎలా పలకాలో నేర్పింది. మా తరంలో ‘ళ’కు ‘ల’ పలికితే, రేడియోలో అలా అనరని ఇంట్లో దిద్దేవారు. ఇప్పుడు మా మనవరాలు వీడియోలో అలా అనలేదని మమ్మల్ని దిద్దుతోంది. అలాంటి పాత ధ్వని ముద్రణలు చక్కని నాణ్యతతో, ఉచితంగా, వెతికితే దొరికే పేర్లతో బయటికి రావాలి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అన్న సొంత ఓటీటీ తెచ్చింది కాబట్టి ఇల్లు ఉంది. తెలుగు అలమరను నింపమని అడగాలి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి పథకం యంత్రాలకు భారతీయ భాషలు నేర్పడానికి ప్రజల గొంతులను సేకరిస్తోంది. మన ఉపాధ్యాయులు, రేడియో కళాకారులు, హరికథా భాగవతులు అక్కడ తమ గొంతు ఇస్తే, రేపటి యంత్రం ‘కళ్ళు’ అని పలుకుతుంది. తెలుగు వికీపీడియాలో తన ఊరి గురించి ఆధారాలతో ఒక వ్యాసం రాయడానికి ఒక ఆదివారం చాలు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే వయసు గుర్తు, తాళం మొదట. అవి ఈ రాత్రే పెట్టుకోవచ్చు. కళాకారులు, వీడియోలు తీసేవారు వాటా కన్నా ముందు, తీసివేతకు కారణం చెప్పాలన్న నియమాన్ని, త్వరగా వినే అప్పీలును అడగడం మంచిది, లేకపోతే పందొమ్మిది రోజులు మళ్లీ మళ్లీ వస్తాయి. బడులకు, గ్రంథాలయాలకు కనబడే చోటు, సొంత సేకరణ అన్న రెండే ప్రాణం. సాహితీ సంస్థలు రాష్ట్రానికో కేంద్రానికో ఒకే ఒక కోరిక రాసి పంపే పరిస్థితిలో ఉంటే, భాషల వారీ ప్రత్యేక నిధికి వెళ్లే సెస్సును కోరాలని నా గట్టి అభిప్రాయం. వాటా శాతాన్ని దాని తరువాత కోరవచ్చు, ఎందుకంటే డబ్బు లేని చోట శాతం పాత సినిమాలతో నిండుతుంది. సంస్కృతిని కారణంగా చూపి మూసివేసే అధికారాన్ని ఎవరూ, ఎంత మంచి ప్రభుత్వాన్నైనా, అడగవద్దు.

మా వినతిపత్రాన్ని ఈ వెలుగులో తిరగరాశాము. ‘కఠినంగా నియంత్రించాలి’ అన్న వాక్యాన్ని మిత్రుడే కొట్టివేశారు. పిల్లలకు హాని చేసే దృశ్యాల విషయంలో మాత్రం తక్షణ మూసివేత ఉండాలని పట్టుబట్టారు, అందుకు అందరం ఒప్పుకున్నాము. సెస్సు సంగతిలో ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. చందా ధర పెరిగి చివరకు ఆ భారం మన మీదే పడుతుందని వారి అభ్యంతరం, అది కొట్టిపారేయదగింది కాదు. పదిహేను మందిలో పదముగ్గురం సంతకాలు చేశాము. మొదటి కోరికగా ఒక చిన్న వాక్యం చేర్చాము: ఈ విషయం మీద ఇకముందు వచ్చే ప్రతి ముసాయిదానూ ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగులో కూడా విడుదల చేయాలని, అభిప్రాయాలు పంపే గడువు ఆ తెలుగు ప్రతి వచ్చిన రోజు నుంచే లెక్కించాలని.